గీత కాదు, కత్తెర

పోయిన వారం హైదర్ మాస్టర్‌ను మంచి ఇరకాటంలో కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుని ఉన్నాడు. ఎల్లారెడ్డిలో తన ఇంటి ముందుగదిలో, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నిఖా చదవడానికి ఖాజీ ఇంకా రాని పెండ్లికొడుకులాగా.

యాభై ఏండ్ల కింద ఆయన సాక్సఫోన్ వాయించిన ‘ఎర్ర దుమ్ము’ అనే రికార్డును హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ మళ్లీ వేస్తోంది. కామారెడ్డి పిల్ల పద్మప్రియ ఆ కంపెనీలో పాత శబ్దాలను శుభ్రం చేసే ఇంజినీరు. ఆమె నమూనా రికార్డు పట్టుకుని పొద్దున్నే కారులో దిగింది. మాస్టర్ విని, సరే అని కాగితం మీద సంతకం పెడితే నాలుగు గంటలకల్లా ఫ్యాక్టరీకి కబురు పోతుంది. ఐదు వందల రికార్డులు తయారవుతాయి. పెట్టకపోతే ఫ్యాక్టరీలో వంతు పోతుంది. మళ్లీ వంతు వచ్చే ఏడాదికి. మాస్టర్‌కు డెబ్బై ఆరు నిండాయి కాబట్టి వచ్చే ఏడాది అనే మాటను ఆయన అంత సులువుగా నమ్మడు.

సూది దించబోతుండగా వాకిట్లో ఆటో ఆగింది. చంకలో బీడీల చాటతో గంగాబాయి దిగింది. మాస్టర్ గుండె ఒక దెబ్బ ఎగ్గొట్టింది. అక్కడ ఆపాం.

ఎందుకు ఎగ్గొట్టిందో ఆయనకు తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

“నువ్వెట్లొచ్చినవ్ గంగాబాయి?” అన్నాడు మాస్టర్ లేచి నిలబడి.

“కామారెడ్డిల బస్సెక్కి వచ్చిన హైదరన్నా. నడిచైతే రాలే.”

“గట్ల కాదు. ఎవరు చెప్పిన్రు నీకు, ఇయ్యాల అని?”

“చెప్పేటోళ్లు చెప్పిన్రు. నువ్వైతే చెప్పలే.” గంగాబాయి చాటను గోడవారన పెట్టి, ఆకుపచ్చ జరీ అంచు చీర సర్దుకుని కింద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది. డెబ్బై ఏండ్ల మనిషి. నలభై ఐదేండ్లు బీడీలు చుట్టిన చేతివేళ్లు ఇప్పుడు చిలకముక్కుల్లా లోపలికి వంగిపోయాయి. “బస్సుకైతే రూపాయి ఖర్చు గాలే, భయపడకు. ఆడోళ్లకు బస్సు ఉట్టిగనే గదా.”

వంటింట్లోంచి మాస్టర్ భార్య అన్వరి బేగం గొంతు వినబడింది. “గంగ వచ్చిందా? ఛాయ్ పెడుతున్న, కూసోమనుండ్రి.” ఆ గొంతులో ఆశ్చర్యం ఏమీ లేదు. మాస్టర్ ఆ సంగతి గమనించే స్థితిలో లేడు.

“ఈ అవ్వ ఎవరు మాస్టర్ సాబ్?” అని అడిగింది పద్మప్రియ.

“పాత పరిచయం బేటీ. మా వాడకట్టుల ఉంటుండె. కొడుకు దగ్గరికి కామారెడ్డి పోయింది.”

“ఇందుల నేను గూడ ఉన్న బిడ్డా” అంది గంగాబాయి, తిరిగే పళ్లెం మీది నల్లటి రికార్డు వైపు గడ్డం చూపించి.

పద్మప్రియ మాస్టర్‌ను చూసింది. మాస్టర్ దగ్గాడు. ఆయన దగ్గు కూడా తాళంలోనే ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఆగి మాస్టర్ కథ చెప్పుకోవాలి. కథలు అనాలి. బొంబాయి నుంచి ఫ్రాన్సిస్ అనే గోవా దొర, తన నలుగురు వాయిద్యగాళ్లతో, పాడే అమ్మాయితో వచ్చి ఎల్లారెడ్డి పెండ్లి బ్యాండులో వాయించే హైదర్‌ను ఎలా పట్టుకున్నాడన్న దానికి ఊళ్లో పదకొండు రకాల కథలున్నాయి. పదకొండూ మాస్టర్ చెప్పినవే. ఒకదానిలో ఆయన కామారెడ్డి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద సాక్సఫోన్ ఎత్తితే డ్రైవరు సిగ్నల్ అనుకుని రైలు ఆపేశాడు. ఇంకొకదానిలో పిట్లం దాకా వినబడి, అక్కడ పోతున్న పెండ్లి ఊరేగింపు దారి మార్చుకుని ఇటు వచ్చింది. తాము వాయించినదాన్ని సోల్ జాజ్ అంటారని, సోల్ అంటే ఆత్మ అని చెబుతాడు. జాజ్ అంటే ఏమిటని అడిగితే మాత్రం అడిగినవాడి మొహం చూసి జవాబు చెబుతాడు. టీకొట్టు లక్ష్మీరాజం ఆ కథలు వినడానికే రెండు బెంచీలు ఎక్కువ వేయించాడు. నమ్మినవాడు ఒక్కడూ లేడు. విననివాడూ లేడు.

పద్మప్రియకు చెప్పింది పన్నెండో కథ. అందులో రికార్డింగు బొంబాయిలో పెద్ద స్టూడియోలో జరిగింది. తలుపులకు మెత్తటి పరుపులు, గోడకు గాజు కిటికీ, చల్లగాలి మిషను.

సూది దిగింది.

ముందు ఏమీ లేదు. ఇలాంటి రికార్డులకు అదే గొప్ప అని పొద్దున్నే పద్మప్రియ చెప్పింది. ఇవి మామూలు రికార్డుల కంటే బరువుగా, మందంగా ఉంటాయట. కొనేవాళ్లు చెవులతో బతికే మనుషులట. స్పీకరు తీగ మందం గురించి పెండ్లి సంబంధం మాట్లాడుకున్నంత నిదానంగా మాట్లాడుకుంటారట. వాళ్లకు పాట మొదలయ్యే ముందరి నిశ్శబ్దం కూడా శుభ్రంగా ఉండాలి.

తర్వాత పెద్ద తంత్రి వాయిద్యం కడుపులోంచి పలికినట్టు మోగింది. డ్రమ్ము మీద ఎవరో చీపురుతో ఊడ్చినట్టు మెత్తగా దరువు. ఆ పైన పాడే అమ్మాయి గొంతు, పక్కనే కూర్చుని చెవిలో చెబుతున్నట్టు. అప్పుడు సాక్సఫోన్.

మాస్టర్ మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఇరవై ఆరేండ్ల హైదర్ ఈ గదిలోకి వచ్చి నిలబడ్డాడు. వాడి రొమ్ము ఎంత పెద్దదో. ఇంట్లో ఉన్న పాత కాపీలో ఆ కుర్రాడు ఎప్పుడూ వానలో నిలబడి వాయిస్తున్నట్టే ఉండేవాడు, అన్ని గీతలు. ఇప్పుడు వాన వెలిసింది. పెదవులు సాక్సఫోన్ నోటి దగ్గరి రీడును తడిపే చప్పుడు కూడా వినబడుతోంది.

“యా అల్లా” అన్నాడు మాస్టర్ నెమ్మదిగా. “బేటీ, నువ్వు నన్ను బతికుండంగనే లేపినవ్.”

పద్మప్రియ నవ్వింది. మూడు నెలలు చెవులకు యంత్రం తగిలించుకుని కూర్చున్నందుకు ఆమెకు ఈ ఒక్క మాట చాలు. అసలు టేపులు ఎక్కడో పోయాయి. మాస్టర్ కాపీలోంచి పాట ఎక్కించుకుని, నాలుగు వేల పైచిలుకు గీతల చప్పుళ్లను ఒక్కొక్కటే చేత్తో తీసేసింది.

గంగాబాయి కళ్లు మూసుకుని వింటోంది. ఒళ్లో ఉన్న కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గాలిలో తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, కాస్త ఆగడం. మళ్లీ రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

మాస్టర్ ఆ వేళ్లను చూశాడు. చూసి కళ్లు తిప్పేసుకున్నాడు. కానీ చెవులకు రెప్పలుండవు. సాక్సఫోన్ ఒక వరుస పాడి ఆగింది. ఆ ఆగిన చోట ఏదో ఉండాలి. లేదు. మళ్లీ పాడి ఆగింది. మళ్లీ లేదు. తెల్లటి ఖాళీ. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే గాలిలో పడ్డట్టు. పాట బాగుంది, శుభ్రంగా ఉంది, కానీ ఆ కుర్రాడు ఎందుకు అక్కడక్కడే ఆగుతున్నాడో ఎవరికీ తెలియదు. ముసలివాడికి తెలుసు.

మొదటి పాట అయిపోయింది. రెండోదీ అయింది. ఆ వైపు పూర్తయి సూది లేచింది.

గంగాబాయి కళ్లు తెరిచింది. “నేనింకా రాలే” అంది. “అవతలి దిక్కున ఉన్ననా?”

“ఏం రాలే అవ్వా?”

“నా కత్తెర.”

పద్మప్రియకు అర్థం కాలేదు. పెద్దావిడ నొచ్చుకుంటుందేమోనని సంచిలోంచి రికార్డు అట్ట నమూనా తీసింది. “నీ పేరుందేమో జూద్దాం అవ్వా. మాస్టర్ సాబ్ అందరికీ షుక్రియా చెప్పిండు, నేనే రాసుకున్న” అని చదవడం మొదలుపెట్టింది. ఊపిరి బిగపట్టడం నేర్పిన ఉస్తాదుకు. రీడులు పంపిన నిజామాబాద్ దుకాణదారుకు. రైలు ఆపిన డ్రైవరుకు. చిన్నప్పుడు తన రొమ్ముకు బలమిచ్చిన పాల కోసం బాలమల్లు బర్రెకు.

“బాలమల్లు బర్రె ఉందా అందుల?” అని అడిగింది గంగాబాయి.

“ఉంది అవ్వా.”

“మంచి బర్రె అది” అంది గంగాబాయి.

ఆమె తిట్టి ఉంటే మాస్టర్‌కు సులువయ్యేది. తిట్లకు ఆయన దగ్గర జవాబులున్నాయి. యాభై ఏండ్లు ఊరందరి ఎకసెక్కాలకు జవాబు చెప్పి బతికిన నోరు అది. మంచినీళ్ల చెంబు అందుకున్నాడు, తాగకుండానే కింద పెట్టాడు.

“బేటీ” అన్నాడు. “ఆ రోజు నువ్వు ఫోన్‌ల నన్నొకటి అడిగినవ్, యాదికున్నదా?”

“ఏది మాస్టర్ సాబ్?”

“టిక్ టిక్ మని వస్తంది, గీతలైతే గింత లెక్క ప్రకారం రావు, ఏదన్న వాయిద్యమా అని అడిగినవ్.”

“అడిగిన. మీరు గీతే అన్నరు, తీసెయ్యమన్నరు.”

“అది గీత కాదు.” మాస్టర్ గొంతు అట్టడుగు స్వరంలోకి దిగిపోయింది. “ఆమె కత్తెర.”

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగింది.

“బొంబాయి స్టూడియోల కత్తెర ఎందుకుంటది?” అంది పద్మప్రియ.

“బొంబాయి లేదు, స్టూడియో లేదు. వాళ్ల వ్యాను చెడిపోయి మూడు రోజులు ఈడ్నే ఉన్నరు. అప్పుడు మనకాడ బీడీల ఆకు గోదాం ఉండె. తునికాకు సంచులు నేల నుంచి కప్పు దాక పేర్చి ఉంటుండె. ఫ్రాన్సిస్ దొర అందుల నిలబడి చప్పట్లు కొట్టి జూసిండు. చప్పుడు తిరిగి రాలే. గిసొంటి గది నాకు బొంబాయిల దొరకలే అన్నడు. ఆడ్నే మిషన్ పెట్టిండు.”

“ఆకు సంచులా” అంది పద్మప్రియ. ఆమె మొహంలో కోపానికి ముందు ఇంకేదో వచ్చింది. “ఆ గది కోసం నేను ఎంత తిప్పలు పడ్డనో ఎరుకేనా మీకు? గంత మెత్తటి గది ఏ స్టూడియోదని బొంబాయిల పాతోళ్లకు ఎంతమందికి ఫోన్లు జేసిన. ఎవ్వరూ చెప్పలే. గోదామని ఒక్క ముక్క చెప్తే ఏమైతుండె?”

“నవ్వుతరని” అన్నాడు మాస్టర్. “చెవులతోని బతికేటోళ్లు కొంటరంటివి. బీడీల గోదాంల వాయించిండు, ఎన్కనుంచి బీడీల కత్తెర వినబడ్తంది అంటే నవ్వుతరు గదా అనుకున్న. అన్ని గొప్పలు చెప్పిన నోటికి గిదొక్కటి చిన్నతనంగ కొట్టింది.”

పద్మప్రియ గంగాబాయి వైపు తిరిగింది.

గంగాబాయి తన వంకర వేళ్లను చూసుకుంటోంది. “దొర మమ్ముల బయటికి పొమ్మన్నడు గదా ఆ రోజు” అంది, మాస్టర్‌తో కాదు, ఆ పిల్లతో. “అందరు పోయిన్రు. నాకు లెక్క తక్కువుండె. నూరు బీడీలు తక్కువైతే లెక్కలు రాసే మునీము ఊకుంటడా? నేను సంచులెన్క కూసోని కత్తెరతోని ఆకు కోసుకుంటున్న. ఈ అన్న వాయించుడు మొదలువెట్టిండు. నాకు తెల్వకుంటనే నా చెయ్యి ఆయన పాటెంబడి పోయింది. దొర విని, మిషన్ ఆపి, సంచులెన్కకు వచ్చి జూసిండు. బయటికి గెదుముతడనుకున్న. కూసో, గట్లనే చెయ్యి అన్నడు. చేతులతోని చెప్పిండు, నాకు ఆయన మాట రాదు గదా.”

“రెండు పొట్టి కోతలు, ఒక పొడుగు కోత” అన్నాడు మాస్టర్. “తర్వాత కొత్త ఆకు తీసుకుంటది. ఆ సందుల నేను ఊపిరి తీసుకుంటుంటి. నాకు ఊపిరి ఎక్కువని ఊరంత చెప్పుకున్న గాని, ఆ రోజు నా ఊపిరిని నడిపింది ఈమె చెయ్యి బేటీ. పాటకు పాట ఈమె కోతల మీదనే నిలబడ్డది.”

“మరి గీతనంటివి గదనే” అంది గంగాబాయి. మొదటిసారి సూటిగా ఆయన కళ్లలోకి చూసింది. “నేను ఎన్ని లక్షల బీడీలు చేసిననో నాకే లెక్క లేదు హైదరన్నా. అన్ని కాలిపోయినయ్. ఒక్కటన్న మిగిలిందా? నా చేతులు చేసిన పనిల ఈ లోకంల మిగిలింది ఆ చప్పుడొక్కటే. మా మన్మరాండ్లకు చెప్పుకున్న, నేను రికార్డుల ఉన్న అని. నీ కథల లెక్కనే ఇది గూడ కథ అని వాండ్లు నవ్విన్రు. ఇయ్యాల ఇని, పోయి చెప్తనని వచ్చిన.”

మాస్టర్ బల్ల మీద ఉన్న కాగితం దగ్గరికి జరుపుకున్నాడు. సంతకం పెట్టాల్సిన చోట పెన్నుతో చిన్న గుర్తు పెట్టి ఉంచింది పద్మప్రియ. అక్కడ ఆయన పేరు రాస్తే లక్ష్మీరాజం బెంచీల మీద కూర్చున్న వాళ్లందరూ నోళ్లు మూసుకోవాల్సిందే. పదకొండు కథలూ నిజమైపోతాయి. ఐదు వందల ఇండ్లలో ఇరవై ఆరేండ్ల హైదర్, వానలో తడవకుండా.

ఎల్లారెడ్డి బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో ఆయన ఆ గుర్తు మీద రెండు మాటలు రాశాడు. ‘ఇది కాదు.’ కింద సంతకం పెట్టాడు.

“మాస్టర్ సాబ్, వంతు పోతది.”

“పోనీ. ఆమె లేని పాట నాది కాదు. నేను బతికుంటే వచ్చే ఏడు జూస్త. లేకుంటే నువ్వు జూడు.”

పద్మప్రియ ఆ కాగితాన్ని కాసేపు చూసి, ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయింది. జామచెట్టు కింద అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో, హిందీలో, చివరికి తిట్టేటప్పుడు కామారెడ్డి తెలుగులో మాట్లాడింది. పావుగంటకు తిరిగి వచ్చింది.

“సోమవారం పొద్దుగాల కొత్త పాట పంపితే వంతు ఉంచుతమన్నరు. ఇయ్యాల శుక్రవారం. శుభ్రం చెయ్యకముందటి పాట నా ల్యాప్‌టాప్‌ల ఉంది. అండ్ల కత్తెర ఉంటది, గీతలు గూడ ఉంటయ్. గీతలు తీసి కత్తెర ఉంచాలె. మిషన్‌కు రెండు ఒక్కతీరుగనే వినబడ్తయ్.” ఆమె గంగాబాయి ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “నీకు తెలుస్తదా అవ్వా, ఏది నీదో?”

“నా చెయ్యి నాకు తెల్వదా?” అని గంగాబాయి చాట దగ్గరికి లాక్కుంది.

చాటలో తడిగుడ్డలో చుట్టిన నాలుగు ఆకులు, ఆకు మీద పెట్టి కోసే రేకు ముక్క, పిడికి గుడ్డపీలిక చుట్టిన పాత కత్తెర ఉన్నాయి. ఊరికే తెచ్చిన అంది. ఊరికే ఎవరూ ఆకు తడిపి తెచ్చుకోరని ఆ గదిలో అందరికీ తెలుసు.

ల్యాప్‌టాప్‌లో పాత పాట మొదలైంది. వాన కురుస్తోంది. చిటపటలు, బరుకులు, ఆ వానలో ఎక్కడో సాక్సఫోన్. గంగాబాయి ఆకు మీద రేకు పెట్టింది. వేళ్లు మొదట మొరాయించాయి. బొటనవేలు పిడిలో దూరడానికే రెండుసార్లు ప్రయత్నం చేసింది. మూడో వరుసకు చెయ్యి దొరికింది. గదిలోని కత్తెర, పాటలోని కత్తెర ఒక్కసారే పడ్డాయి. టిక్, టిక్, ఆ పైన పొడుగుగా ఒకటి.

“ఇది నాది” అంది. “ఇది నాది. ఇది గీత. ఇది నాది. ఆగు, ఇదేందో పురుగు చప్పుడు. ఇది నాది.”

పద్మప్రియ ఒక్కొక్కదానికి తెర మీద రంగు గుర్తు పెడుతోంది. ఆకులు నాలుగూ అయిపోయాక గంగాబాయి ఒట్టి కత్తెరే ఆడించింది. మాస్టర్ గోడకు ఆనుకుని వింటున్నాడు. ఆయన రొమ్ము తనకు తెలియకుండానే ఆ సందుల్లో లేస్తోంది, దిగుతోంది. ఈ మనిషికి తాను ఒక్కసారైనా ఆ మాట చెప్పాడా అని వెదుక్కున్నాడు. యాభై ఏండ్లలో లేదు. పన్నెండు కథల్లో లేదు.

“చెల్లె” అన్నాడు పాట మధ్యలో. “నీకు రుణపడి ఉన్న.”

“మాట్లాడకు, తప్పు పోతది” అంది గంగాబాయి. కానీ ఆమె మొహం విచ్చుకుంది. “అట్ట మీద బర్రె పక్కన రాయించు నా పేరు. దూరం పెట్టకు, అది నాకు గూడ పాలిచ్చింది.”

పద్మప్రియ పగలబడి నవ్వింది. మాస్టర్ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. మధ్యాహ్నం జుమా నమాజుకు పిలుపు వినబడితే పాట ఆపారు, మాస్టర్ మసీదుకు పోయి వచ్చాక మళ్లీ పెట్టారు. మొదటి వైపు పూర్తయింది. రెండో వైపు మొదలైంది.

రెండో పాట సగంలో గంగాబాయి చెయ్యి ఆగింది.

“ఇది నాది కాదు.”

“గీతనా?” అని అడిగింది పద్మప్రియ.

“గీత కాదు. కత్తెరనే. నాది కాదు. మళ్ల పెట్టు.”

పద్మప్రియ మళ్లీ పెట్టింది. గంగాబాయి కోత తర్వాత, రవ్వంత వెనకగా, ఇంకో కోత. మెత్తగా, మొద్దుగా.

“కోస్తలేదు, నములుతంది” అంది గంగాబాయి. “ఎడమచేత్తోని కోస్తే గట్ల వస్తది. మన కత్తెరలు కుడిచేతివి గదా, ఎడమచేతికి పదును కుదరదు.”

మాస్టర్ గోడ నుంచి వీపు తీశాడు. ఎల్లారెడ్డి బీడీల ఆడవాళ్లలో ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే. ఆ మనిషి ఆ రోజు గోదాములో ఉండటానికి వీల్లేదు. అప్పటికి హైదర్ నిఖా అయ్యి మూడు నెలలు. బొంబాయి వాళ్లతో తిరిగితే పిల్లనిచ్చినందుకు నెత్తి కొట్టుకుంటానని మామ కబురు పెట్టాడు. అందుకే నస్రుల్లాబాద్‌లో పెండ్లికి వాయించడానికి పోతున్నానని ఇంట్లో చెప్పి, ఆమె కట్టిచ్చిన రొట్టెలు పట్టుకుని, ఊరి చివర నుంచి చుట్టూ తిరిగి గోదాముకు పోయాడు. ఆ తర్వాత నస్రుల్లాబాద్ పెండ్లి ఎంత వైభవంగా జరిగిందో ఆమెకు రెండు రోజులు వర్ణించి చెప్పాడు.

వంటింటి గుమ్మంలో అన్వరి బేగం నిలబడి ఉంది. ఛాయ్ గ్లాసుల పళ్లెం ఎడమచేతిలో ఉంది.

“గంగను నేనే పిలిపించిన” అంది. “గీతే అని మీరు ఫోన్‌ల చెప్పిన రోజు నేను ఈడ్నే ఉంటి. బియ్యం ఏరుతున్న.”

“నువ్వు ఆ రోజు గోదాంల…” అన్నాడు మాస్టర్.

“మీరు చెప్పులేసుకునేటప్పుడు రొట్టెలు వాకిట్లనే మర్చిపోయిన్రు. ఇద్దామని ఎంబడి వచ్చిన. నస్రుల్లాబాద్ ఇటు దిక్కెప్పుడొచ్చెనో అనుకున్న.” ఆమె పళ్లెం నేల మీద పెట్టింది. గంగాబాయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, యాభై ఏండ్లు దాచిన నవ్వు కళ్లలోంచి కారుతోంది. “గంగ నన్ను పక్కన కూసుండబెట్టుకుంది, ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.”

“నాకొక్క మాట చెప్పకపోతివి గదా ఇన్నేండ్లు?”

“మీరు అడగలే. పాట మొత్తం ఎన్నడన్న ఇన్నరా? ఇంట్ల రికార్డు పెట్టినప్పుడల్ల మీ ఆఖరి ఊపిరి అయిపోంగనే సూది లేపేస్తిరి. మీ ఎన్క ఇంకేముంటదని.” అన్వరి బేగం పద్మప్రియ వైపు తిరిగింది. “బేటీ, రెండో దిక్కు ఆఖర్న నేనొక మాట అన్న. మిషన్ తిరుగుతనే ఉండె. దొర నన్ను జూసి నవ్విండు గాని ఆపలే. అది గూడ గీతేనని తీసేసినవా?”

పద్మప్రియ ల్యాప్‌టాప్ మీదికి వంగింది. “ఆఖర్న ఏదో గుసగుస ఉండె. నాలుగైదు సెకండ్లు. బయటి చప్పుడనుకొని తగ్గించేసిన. గాని పోలే, ఇండ్ల ఉంది.” వేళ్లు తొందరగా కదిలాయి. తెర మీద శబ్దపు అలలు పరుగెత్తి చివరికి వచ్చి ఆగాయి. చెవులకు పెట్టుకునే యంత్రం తీసి మాస్టర్‌కు అందించింది.

అన్వరి బేగమే అందుకుని, టోపీ సర్ది, ఎడమచేత్తో ఆయన చెవులకు తొడిగింది.

గది చప్పుళ్లన్నీ మూసుకుపోయాయి. వాన. వానలో తన ఆఖరి ఊపిరి, సన్నబడి, సన్నబడి, అయిపోయింది. అలవాటు కొద్దీ మాస్టర్ చెయ్యి సూది కోసం గాలిలోకి లేచింది. ఆ చేతిని అన్వరి బేగం పట్టుకుంది.

ఆకులు గలగలమన్నాయి. గంగాబాయి కత్తెర ఒక పొడుగు కోత కోసింది. దాని వెనక ఇంకో కత్తెర మొద్దుగా నమిలింది. ఆ తర్వాత ఇరవై ఏండ్లు కూడా నిండని గొంతు ఒకటి, నవ్వు ఆపుకుంటూ, సంచుల వెనక నుంచి చాలా నెమ్మదిగా మొదలుపెట్టింది.

“నస్రుల్లాబాద్ పెండ్లికొడుకా…”

మాస్టర్ కళ్లు మూసుకున్నాడు. ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు.